పులికాట్ సరస్సు, నేలపట్టు చెరువు: పదిమందితో కలిసి ఒక రోజు పక్షులను చూసిరావడానికి సమగ్ర మార్గదర్శి

సూళ్లూరుపేటకు తూర్పున ఉప్పునీటి పులికాట్ సరస్సు, ఉత్తరాన దొరవారిసత్రం మండలంలో మంచినీటి నేలపట్టు చెరువు ఉన్నాయి. స్థానికులు ప్రళయ కావేరి అని పిలుచుకునే పులికాట్, మన దేశపు ఉప్పునీటి సరస్సులలో విస్తీర్ణంలో చిలికా తరువాత రెండవది. దాని ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోనూ, దక్షిణపు కొస తమిళనాడులోనూ ఉంది. నేలపట్టు చెరువు, దాని చుట్టూ ఉన్న చిట్టడవి కలిసి సుమారు 459 హెక్టార్లు. 1976లో దీనిని పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. చాలామంది ఈ రెండింటిలో ఏదో ఒకటి చూసి తిరిగి వెళ్లిపోతారు. రెండింటినీ ఒకే రోజున, ఒక క్రమంలో చూడమని నా సలహా. గూడబాతు (పెలికాన్) గూడు నేలపట్టులో కడుతుంది, మేతకు పులికాట్‌కూ చుట్టుపక్కల చెరువులకూ వెళుతుంది. ఉదయం బిడ్డ నోటికి చేప అందించిన పక్షి మధ్యాహ్నం ఆ చేపను ఎక్కడ పడుతుందో చూసినప్పుడే ఈ రెండు నీళ్లకూ ఉన్న సంబంధం కళ్లకు కడుతుంది. కింద చెప్పిన ఏర్పాట్లన్నీ ఆ వరుస చెడకుండా చూసుకోవడం కోసమే.

1. రోజును ఎంచుకోవడం

ఈ ప్రాంతానికి ప్రధానమైన వానలు ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడే వానలకు కాళంగి, స్వర్ణముఖి నదులు నీరు తెచ్చి సరస్సును నింపుతాయి, నేలపట్టు చెరువూ నిండుతుంది. నీళ్లలో నిలిచిన కడప అనే జాతి చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టడం కూడా ఆ వానలతోనే మొదలవుతుంది. చెట్టు చుట్టూ నీరు ఉంటేనే వాటికి ధైర్యం, ఎందుకంటే నేలమీద తిరిగే జంతువులు అప్పుడు గూళ్ల దాకా రాలేవు. వానలు ముఖం చాటేసిన ఏడాది చెరువు నిండదు, గూళ్లూ తగ్గుతాయి.

సరస్సు సంగతి కొంచెం వేరు. వానలు వెలిసిన కొత్తలో నీరు ఎత్తుగా ఉంటుంది కనుక, నడుస్తూ మేత వెతికే పక్షులు దూరపు అంచులకు వెళ్లిపోతాయి. జనవరి వచ్చేసరికి నీరు మెల్లగా తీసి, మోకాలి లోతు మడుగులూ బురద మేటలూ బయటపడతాయి. ఫ్లెమింగోలకూ, బురదలో మేత వెతికే ఉల్లంకులనే చిన్న పక్షులకూ కావలసింది అదే. ఎండలు ముదిరితే సరస్సు ఉత్తర భాగం చాలామేర ఎండిపోయి తెల్లటి ఉప్పుపొర తేలుతుంది. గూళ్లలో పిల్లలు, సరస్సులో తగినంత లోతు, రెండూ కలిసి దొరికేది జనవరి రెండవ వారం నుంచి ఫిబ్రవరి మూడవ వారం దాకా. ఒకే ఒక్క రోజు చెప్పమంటే, సంక్రాంతి రద్దీ తగ్గిన తరువాత వచ్చే ఏదైనా పనిదినం అంటాను.

సూళ్లూరుపేటలో జరిగే ఫ్లెమింగో పండుగ రోజుల్లో పిల్లలకు సందడి బాగుంటుంది, కానీ ప్రశాంతంగా పక్షులను చూడాలనుకునేవారికి ఆ రోజులు అనువైనవి కావు. శ్రీహరికోట నుంచి రాకెట్ ప్రయోగం ఉన్న రోజు కూడా వద్దు. సరస్సు మీదుగా వెళ్లే రోడ్డు ఆ అంతరిక్ష కేంద్రానికే వెళుతుంది కనుక రాకపోకల మీద ఆంక్షలు ఉండవచ్చు. తేదీ ఖాయం చేసుకునే ముందు సూళ్లూరుపేటలోని అటవీశాఖ వన్యప్రాణి విభాగం కార్యాలయానికి ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: చెరువులో నీరు ఎంత ఉంది, గూళ్లలో పిల్లలు ఉన్నాయా, సందర్శకులను ఏ వేళకు లోపలికి అనుమతిస్తారు.

2. బృందం

పన్నెండు మందికి మించవద్దు. ఇంకా ఎక్కువమంది వస్తామంటే రెండు బృందాలుగా చేసి, ఒక బృందాన్ని మరో రోజుకు మార్చడమే మేలు. దీనికి కారణం నా అనుభవం. ఒక ఏడాది ఇరవై ఇద్దరం ఒకే బస్సులో వెళ్లాం. సరస్సు రోడ్డు మీద బస్సు ఆగగానే అందరూ ఒక్కసారిగా దిగారు, ఎవరో తలుపు గట్టిగా వేశారు. రోడ్డుకు దగ్గరలో మేస్తున్న ఫ్లెమింగోల గుంపు ఎగరలేదు. తలలు ఎత్తి, ఒకే వైపు తిరిగి, మాకు వీపు చూపిస్తూ నడిచి వెళ్లిపోయింది. పది నిమిషాలలో అవి కంటికి గులాబి గీతగా మాత్రమే మిగిలాయి. చివరి వరుసలో నుంచి దిగినవారికి ఆ గీత తప్ప ఏమీ కనిపించలేదు.

పన్నెండు మందిలో నలుగురికి ముందే పనులు అప్పగించాలి. ఒకరు ముందు నడవాలి. పక్షులు తెలిసినవారు, అంతకంటే ముఖ్యంగా ఎక్కడ ఆగాలో తెలిసినవారు ఈ పనికి తగినవారు. ఒకరు చివర నడవాలి. పిల్లలూ పెద్దవారూ వెనకబడితే చూసుకోవడం, ఎవరూ కట్ట దిగి నీటి వైపు వెళ్లకుండా చూడడం వీరి బాధ్యత. ఒకరు రాత పని చూడాలి. నాలుగోవారు వాహనం, డ్రైవరు, వేళ, భోజనం సంగతులు చూసుకుంటే మొదటి ముగ్గురి దృష్టీ పక్షుల మీదే ఉంటుంది. వాహనం కూడా ఒకటే ఉండాలి. నాలుగు కార్లలో వెళితే ప్రతి ఆగుదలకూ పదహారు తలుపులు తెరుచుకుంటాయి. డ్రైవరుకు ముందురోజే వివరంగా చెప్పండి: పాటలు ఉండవు, హారన్ ఉండదు, ఆగిన ప్రతిచోటా ఇంజిన్ ఆపాలి. ఆయనకూ ఒకసారి బైనాక్యులర్ ఇచ్చి చూపిస్తే, ఆ తరువాత మనం చెప్పకుండానే నెమ్మదిగా నడుపుతారు.

చెన్నై నుంచి వచ్చేవారికి సూళ్లూరుపేట దాకా లోకల్ రైళ్లు ఉన్నాయి. నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వచ్చేవారు ముందురోజు సాయంత్రానికే చేరుకుని రాత్రి ఊళ్లో ఉండడం మంచిది. తెల్లవారుజామున కలుసుకోవడానికి కాళంగి ఒడ్డున ఉన్న చెంగాళమ్మ గుడి దగ్గరైతే అందరికీ గుర్తు సులువు.

3. వెంట ఉండవలసినవి

ఇద్దరికి ఒక బైనాక్యులర్ అయినా ఉండాలి. కొనేవారు 8x42 అని రాసి ఉన్నది కొనండి. మొదటి అంకె అది ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది, రెండవది ముందున్న అద్దం వెడల్పును మిల్లీమీటర్లలో చెబుతుంది. ఎక్కువ రెట్లు చూపేది మంచిదనుకుని 12 రెట్లవీ 20 రెట్లవీ కొంటుంటారు. చేతి వణుకు కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది, చూపులో పట్టే మేర తగ్గుతుంది. ఎగిరే పక్షిని అందులో వెతికి పట్టుకోవడం కొత్తవారి వల్ల కాదు. 42ను 8తో భాగిస్తే వచ్చే అయిదు మిల్లీమీటర్లకు పైబడిన వెలుతురు కంత, అంటే కంటి దగ్గరి అద్దంలో కనిపించే వెలుగు వలయం, తెల్లవారుజామున మసక వెలుగులో కంటిపాప విప్పారినంత మేరకు దాదాపుగా సరిపోతుంది.

సరస్సు దగ్గర మాత్రం బైనాక్యులర్ చాలదు. ట్రైపాడ్ మీద నిలబెట్టే స్పాటింగ్ స్కోప్, 20 నుంచి 60 రెట్ల వరకు మార్చుకోగలిగేది, బృందానికి ఒకటి సంపాదించండి. అది ఖరీదైన వస్తువు కనుక పక్షి ప్రేమికుల సంఘాల దగ్గరో, జంతుశాస్త్ర విభాగం ఉన్న కళాశాలలోనో అడిగి తెచ్చుకోవచ్చు. అర కిలోమీటరు దూరంలో ఉన్న ఫ్లెమింగో ముక్కు కొసన నలుపు చూడగలగడం స్కోప్ వల్లనే సాధ్యం.

బట్టలు మట్టి రంగువీ ఆకుపచ్చవీ వేసుకోండి, తెలుపూ ఎరుపూ మానేయండి. సెంట్లు రాసుకున్నా పక్షులకు తేడా ఉండదు కానీ, తేనెటీగలు ఉండే చోట్లకు వెళుతున్నామన్నది గుర్తుంచుకోండి. టోపీ, మనిషికి రెండు లీటర్ల నీరు, పులిహోర వంటి చేతికి అంటుకోని భోజనం, చెత్త వెనక్కు తెచ్చుకోవడానికి ఒక గుడ్డసంచి ఉంటే చాలు. డ్రోన్ తేవద్దు. గూళ్లున్న చోట అది చేసే కీడు అలా ఉంచి, అంతరిక్ష కేంద్రం పక్కన దానిని పైకి లేపడం పెద్ద నేరం కాగలదు.

4. ముందురోజు ఒక గంట అభ్యాసం

ఈ గంటను వదిలేస్తే మరునాడు నేలపట్టులో మొదటి గంట వృథా అవుతుంది. సాయంత్రం మేడమీదకో నది ఒడ్డుకో వెళ్లి ఈ పని చేయండి.

ముందుగా బైనాక్యులర్ రెండు గొట్టాలనూ దగ్గరకో దూరానికో జరిపి, రెండు వలయాలు కలిసి ఒకే వలయంగా కనిపించేలా చూసుకోవాలి. తరువాత కుడి గొట్టాన్ని అరచేతితో మూసి, ఎడమ కంటితో దూరంగా ఉన్న ఒక కరెంటు తీగను మధ్య చక్రం తిప్పుతూ స్పష్టం చేసుకోవాలి. ఇప్పుడు ఎడమ గొట్టం మూసి, మధ్య చక్రాన్ని ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గర ఉండే చిన్న వలయాన్ని మాత్రమే తిప్పి అదే తీగను కుడి కంటికి స్పష్టం చేసుకోవాలి. ఆ వలయం ఏ గీత దగ్గర ఆగిందో గుర్తుపెట్టుకుంటే చాలు, మరునాడంతా మధ్య చక్రంతోనే పని జరుగుతుంది. కళ్లద్దాలు ఉన్నవారు కంటి దగ్గరి రబ్బరు కప్పులను లోపలికి తిప్పుకోవాలి. లేకపోతే చుట్టూ నల్లగా కనిపించి, పరికరం పాడైందనుకుంటారు.

రెండవ అభ్యాసం, పక్షిని ముందు వట్టి కంటితో పట్టుకోవడం. చూపు దానిమీద నుంచి మరల్చకుండా బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరకు తేవాలి. కొత్తవారు చూపును పరికరం మీదకు దించి, తరువాత మళ్లీ పైకెత్తి పక్షి కోసం వెతుకుతారు; ఈలోగా పక్షి ఉండదు. కాకుల మీదా గద్దల మీదా ఇరవైసార్లు చేస్తే చేయి అలవాటు పడుతుంది.

మూడవది, ఒకరికొకరు చోటు చెప్పుకునే పద్ధతి. "అదిగో, అక్కడ" అంటే ఎవరికీ తెలియదు, వేలు చాపితే పక్షి బెదురుతుంది. చెట్టును గడియారం ముఖంగా అనుకుని, "ఎడమనుంచి మూడో చెట్టు, రెండు గంటల వైపు, ఎండుకొమ్మ కింద" అని తగ్గుస్వరంతో చెప్పడం అందరికీ నేర్పండి.

5. తెల్లవారుజాము: నేలపట్టు

జనవరిలో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో అవుతుంది. సూళ్లూరుపేట నుంచి జాతీయ రహదారి 16 మీద నెల్లూరు వైపు సుమారు ఇరవై కిలోమీటర్లు వెళ్లాలి కనుక అయిదున్నరకే బయలుదేరండి. గేటు వద్ద టికెట్ల పని ముగిసేదాకా మిగతావారు నిశ్శబ్దంగా వాహనం దగ్గరే ఆగాలి. వెలుతురు రాకముందే చెరువు వైపు నుంచి గురగురమనే సద్దు వినబడుతుంది. పెద్ద గూడబాతులు పెద్దగా అరవవు. ఆ గోలలో ఎక్కువ భాగం పిల్లలది.

చెరువు కట్ట మీద వరుసగా, ఒకరి వెనక ఒకరు నడవాలి. గుంపుగా నడిచే మనుషులు పక్షికి వెడల్పాటి గోడలా కనిపిస్తారు. యాభై అడుగులు నడిచి రెండు నిమిషాలు ఆగండి. ఆగినప్పుడు ముందుగా చెట్లపైన ఏ పక్షి అయినా మెడ నిటారుగా చేసి మనవైపు చూస్తున్నదేమో గమనించండి. ఒకటి మెడ ఎత్తితే ఆగాలి. నాలుగైదు ఎత్తితే పది అడుగులు వెనక్కు రావాలి. కూర్చున్నవి లేచి నిలబడితే ఆ చోటు వదిలేయాలి. పెద్దపక్షి గూడు వదిలి లేస్తే, ఆ కాస్త వ్యవధిలోనే కాకులూ గద్దలూ గుడ్లను ఎత్తుకుపోతాయి. ఈకలు రాని పిల్లలు ఎండకు తట్టుకోలేవు. ఫొటోలు తీసేవారికి ఈ మాట విడిగా, గట్టిగా చెప్పండి, ఎందుకంటే ఇంకో రెండడుగులు ముందుకు వెళదామనే ఆశ వారికే ఎక్కువ.

పరిశీలన గోపురం దగ్గరకు చేరాక నలుగురేసి చొప్పున ఎక్కాలి. పైకి ఎక్కినవారికి పావుగంట ఇవ్వండి. కింద ఉన్నవారు ఈలోగా చుట్టూ ఉన్న చిట్టడవిలోని పసిరిక పిట్టలనూ పాలపిట్టలనూ చూడవచ్చు. గోపురం మీద చేయవలసింది ఒక్కటే: ఒక గూడును ఎంచుకుని పావుగంటా దానినే చూడడం. అన్ని చెట్లనూ చకచకా చూసేసినవారికి వందల పక్షులు గుర్తుంటాయి కానీ ఏ పక్షీ గుర్తుండదు.

ఒక్క గూడునే చూస్తే కనిపించేది ఇది. గూడు అంటే పెద్ద పుల్లల తట్ట, అంచులన్నీ రెట్టతో తెల్లబారి ఉంటాయి. అందులో తెల్లటి నూగు కప్పుకున్న రెండు పిల్లలు, వాటి దేహానికి మించిన ముక్కులతో ఊగుతూ ఉంటాయి. మేతనుంచి వచ్చిన గూడబాతు చెట్టుపైన ఒక చుట్టు తిరిగి, రెక్కలు వెనక్కు కొట్టి, కాళ్లు ముందుకు చాపి బరువుగా వాలుతుంది. కొమ్మ కిందికి వంగి మళ్లీ లేస్తుంది. పిల్ల ఒక్క ఉదుటున వచ్చి తల్లి నోట్లోకి తల దూరుస్తుంది. సంచి దాటి గొంతులోకి, భుజాల దాకా, తల్లి పిల్లను మింగుతున్నదా అనిపించేంత లోతుకు వెళుతుంది. తల్లి మెడ పక్కకు లాగినట్టు వంకర తిరుగుతుంది. అర నిమిషం తరువాత పిల్ల తల బయటకు వస్తుంది, తడిగా, జిగటగా. బృందంలో మొదటిసారి చూసిన పిల్లలు భయపడతారు. అది అరిగీ అరగని చేపను తినే తీరు అని చెబితే మళ్లీ మళ్లీ చూస్తారు. తల్లి పైముక్కు అంచున వరసగా ఉన్న నీలిరంగు చుక్కలను అప్పుడే చూపించండి, ఈ జాతికి గుర్తు అవే.

అదే చెట్ల మీద పక్కపక్కనే ఇంకొందరు ఉంటారు, వారిని ముక్కుతో గుర్తుపట్టడం సులభం. రెండు ముక్కు దళాల మధ్య సందు ఉంటే నత్తగుల్ల కొంగ. ఆ సందు నత్తలను పట్టి లాగడానికి పనికొస్తుంది. బోడి నల్లతల, కొడవలిలా కిందికి వంగిన ముక్కు ఉంటే తెల్లకంకణం. పసుపు ముక్కు, నారింజ రంగు బోడిముఖం, వీపు చివర తోక దగ్గర గులాబి ఈకలు ఉంటే ఎర్రకాళ్ల కొంగ. కొమ్మల చీకట్లో మెడ ముడుచుకుని ఎర్రటి కళ్లతో కూర్చున్నది చింతవక్క. మిగతావి మేలుకునే వేళకు అది నిద్రపోతుంది. రెక్కలు చాపి ఆరబెట్టుకునే నల్లపక్షి నీటికాకి. అదే భంగిమలో ఉండి, మెడ పాములా సన్నగా పొడుగ్గా, ముక్కు సూదిలా ఉంటే పాముబాతు.

చెరువు కింద పొలాలున్న రైతులతో వీలైతే కాసేపు మాట్లాడండి. పక్షుల రెట్ట కలిసిన నీరు పైరుకు ఎరువు. చెట్లమీద గూళ్లు ఇన్ని దశాబ్దాలుగా నిలిచాయంటే ఊరివారు వాటిని తమవిగా చూసుకోవడం అందుకు పెద్ద కారణం. ఆ సంగతి గోపురం మీది పలక చెప్పడం కంటే కట్టమీది రైతు చెబితే పిల్లలు బాగా వింటారు.

తొమ్మిదిన్నరకు అక్కడి నుంచి కదలాలి.

6. దారిలో చిన్న చెరువులు

తిరుగు దారిలో రహదారికి అటూ ఇటూ వరిమళ్లూ చిన్న చెరువులూ వస్తాయి. ముందే చూసిపెట్టుకున్న రెండు చోట్ల మాత్రమే, వాహనం పూర్తిగా రోడ్డు దిగి ఆగగల చోట్లలో ఆగండి. జాతీయ రహదారి పక్కన పదిమంది నిలబడడం ప్రమాదం. తామరాకుల మీద నడిచే పక్షులు, నుదుట తెల్లబొట్టుతో ఈదే బొల్లికోళ్లు, గట్టు చివర కదలకుండా నిలబడే గుడ్డికొంగ ఇక్కడ దొరుకుతాయి. గుడ్డికొంగ ఎగిరేదాకా మట్టిరంగులో ఉండి, ఎగరగానే తెల్లటి రెక్కలు విప్పడం పిల్లలకు ఎంతో ఇష్టం. అలా చూడడానికి దానిని లేపవద్దు. ఓపిక పడితే అదే లేస్తుంది.

పదకొండున్నర నుంచి రెండున్నర దాకా భోజనం, విశ్రాంతి. ఎండలో వేడిగాలి అలలుగా లేచి స్కోప్‌లో బొమ్మ కరిగిపోయినట్టు కనిపిస్తుంది కనుక ఆ వేళ సరస్సు దగ్గరకు వెళ్లినా ప్రయోజనం లేదు.

7. మూడు గంటలకు: సరస్సు మధ్య రోడ్డు

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పడమర నుంచి తూర్పుకు సాగుతుంది. ఉత్తరాన, దక్షిణాన రెండు వైపులా నీరు. ఏ వైపు చూడాలన్నది వెలుతురు నిర్ణయిస్తుంది. చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణం వైపు ఒరిగి ఉంటాడు, సాయంత్రానికి నైరుతికి చేరతాడు. అందువల్ల దక్షిణపు నీటిలోని పక్షులు నల్లటి నీడలుగా కనిపిస్తాయి. ఉత్తరం వైపు తిరిగితే ఎండ మన వీపు మీద ఉండి పక్షుల అసలు రంగులు తెలుస్తాయి. మొదటి ఏడాది ఈ చిన్న సంగతి గమనించక దక్షిణం వైపు గంటసేపు కళ్లు చిట్లించి చూశాం. ఇప్పుడు వాహనాన్ని దక్షిణపు అంచున ఆపి, దాని చాటున ఉత్తరం వైపు స్కోప్ పెడతాం. వాహనం కదలకుండా ఉంటే పక్షులకు అదొక గుట్టలాంటిదే. రోడ్డు దాటవలసివస్తే చివర నడిచేవారు రెండు వైపులా చూసి చెప్పిన తరువాతే దాటాలి.

నీరు తీసిన చోట బురద పైన ఎండిన పొర గట్టిగా కనిపిస్తుంది. దాని కింద మోకాలి లోతు ఊబి ఉండవచ్చు. ఎవరూ రోడ్డు కట్ట దిగకూడదు.

ఫ్లెమింగోలను చూసేటప్పుడు ముందు స్కోప్‌ను తక్కువ రెట్ల మీద ఉంచి గుంపు మొత్తాన్ని చూడండి, తరువాత ఒక పక్షి తల మీదకు రెట్లు పెంచండి. తల తలకిందులుగా నీళ్లలో ఉంటుంది. ముక్కు మధ్యలో ఒక్కసారిగా కిందికి వంగి ఉండడం వల్ల, తల వేలాడేసినప్పుడు పైదళం అడుగున, బురదకు సమాంతరంగా ఉంటుంది. లోపల నాలుక పిచికారీ కాడలా ముందుకూ వెనక్కూ ఆడుతూ నీటిని లాగి వదులుతుంది. ముక్కు అంచుల్లోని దువ్వెన పళ్లలాంటి సన్నటి వరసల్లో నాచు, చిన్న రొయ్యల వంటి జీవులు నిలిచిపోతాయి. గొంతు పక్కన చర్మం దడదడలాడడం స్కోప్‌లో కనిపిస్తుంది, చూడండి. కాళ్లు ఒకచోటే తొక్కుతూ బురదను కదిలించడమూ కనిపిస్తుంది. ఆ ఆహారంలోని వర్ణకాలే ఈకలకు గులాబి రంగునిస్తాయి. బూడిద రంగులో, నల్లటి కాళ్లతో కనిపించేవి రోగం వచ్చినవి కావు, ఇంకా రంగు రాని పిల్లలు. మన దేశంలో ఇవి గుడ్లు పెట్టే ప్రధానమైన చోటు గుజరాత్‌లోని రణ్ ఆఫ్ కచ్. ఇక్కడికి వచ్చేది మేతకు. ముక్కు గులాబి రంగులో ఉండి కొస మాత్రమే నల్లగా ఉంటే పెద్ద ఫ్లెమింగో. పొట్టిగా ఉండి, ముక్కంతా ముదురు రంగులో ఉంటే చిన్న ఫ్లెమింగో. అది చాలా తక్కువగా కనిపిస్తుంది కనుక ఇద్దరు చూసి ఒప్పుకున్న తరువాతే రాయాలి.

వాటి చుట్టూ ఇంకా చాలా ఉంటాయి. తెడ్డులాంటి ముక్కును నీళ్లలో అటూ ఇటూ ఊపుతూ నడిచే తెడ్డుమూతి కొంగ, ఒక్కటే నిలబడి ధ్యానం చేస్తున్నట్టుండే నారాయణ పక్షి, తోక సూదిలా పొడుచుకొచ్చిన సూదితోక బాతుల గుంపులు, ఎర్రటి పొడుగు కాళ్ల మీద నడిచే నలుపుతెలుపు పక్షులు, బురద అంచున పరుగులు తీసే ఉల్లంకులు. ఉల్లంకుల్లో ఒక జాతికీ మరో జాతికీ తేడా చెప్పడం ఏళ్ల అనుభవం ఉన్నవారికీ కష్టమే. తెలియకపోతే "ఉల్లంకి, జాతి తెలియదు, 40" అని రాయడమే సరైన రాత.

ఇక నాలుగున్నర ప్రాంతంలో అందరినీ ఆకాశం వైపు చూడమనండి. గూడబాతులు నీటిమీద నుంచి లేచి, వేడిగాలి ఆధారంగా గుండ్రంగా తిరుగుతూ పైకెక్కి, ఒక వరుసగా వాయవ్యం వైపు సాగుతాయి. ఉదయం గోపురం మీద నుంచి చూసిన పక్షి నీళ్లవైపు నుంచి వచ్చింది. ఇప్పుడు మనం ఆ నీళ్ల మధ్యే నిలబడి, అవి గూళ్ల దిక్కుగా వెళ్లడం చూస్తున్నాం. బృందమంతా మాట లేకుండా నిలబడిపోయే ఘడియ అదే. అందుకే ముందు నేలపట్టు, తరువాత సరస్సు అని పట్టుబట్టాను.

అంతరిక్ష కేంద్రం తనిఖీ గేటుకు బాగా ముందే వాహనం వెనక్కు తిప్పుకోండి. కెమెరాలు ఆ దిక్కుకు ఎత్తవద్దు.

8. లెక్కపెట్టడం

గుంపును ఒకటి రెండు అని లెక్కపెడితే పూర్తికాకముందే అది కదిలిపోతుంది. స్కోప్‌లో పది పక్షులను లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు ఆక్రమించాయో కంటితో పట్టుకోండి. ఆ చోటును పదిసార్లు జరిపితే వంద. వంద పట్టే మేర తెలిశాక మిగతా గుంపును వందల లెక్కన కొలవండి. ముగ్గురు విడివిడిగా, ఒకరికొకరు చెప్పుకోకుండా లెక్కించి కాగితం మీద రాయాలి. ఒకసారి ఒకే గుంపుకు మాలో ముగ్గురం 300, 550, 800 అని రాశాం. తేడా ఎందుకొచ్చిందని చూస్తే, ఒకరు ముందు వరుస వెనకున్నవాటిని చూడలేదు, మరొకరు గుంపు కుడి అంచున వందగా కొలిచిన మేరను పలుచగా ఉన్న ఎడమ అంచుకూ వాడారు. అప్పటినుంచి గుంపును దట్టం, పలుచ అని రెండుగా విడదీసి విడివిడిగా కొలుస్తున్నాం. నేలపట్టులో మాత్రం పక్షులను కాక, పిల్లలో పెద్దపక్షో ఉన్న గూళ్లను లెక్కపెట్టాలి. పెద్దపక్షులలో సగం ఆ వేళకు మేతకు పోయి ఉంటాయి.

రాతపని చూసేవారు నేలపట్టుకు, దారి చెరువులకు, సరస్సుకు విడివిడిగా జాబితాలు రాయాలి. ప్రతి జాబితాకు మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ, నడిచిన దూరం, ఎంతమంది చూశారు, నీటిమట్టం, మబ్బూ గాలీ ఎలా ఉన్నాయి అన్నవి ఉండాలి. కాకినీ గోరింకనూ కూడా రాయండి. చూసినవన్నీ రాసిన జాబితాలోనే, కనిపించనిది నిజంగా లేదని తెలుస్తుంది.

9. ఆ రాత్రి, ఆ తరువాత

ఊరు చేరిన రాత్రే, జ్ఞాపకం తాజాగా ఉండగా, జాబితాలను ఈబర్డ్ అనే, పక్షుల జాబితాలు నమోదు చేసే వెబ్‌సైట్‌లోకి ఎక్కించండి. ఆ ఖాతాలో అదే చోటు పాత ఏళ్ల జాబితాలు కూడా కనిపిస్తాయి. 1987 నుంచి ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన వేళకు మీ యాత్ర కలిస్తే, ఆ సంవత్సరపు సమన్వయకర్తలను ముందే సంప్రదించి వారి పద్ధతిలోనే లెక్క ఇవ్వండి. సందేహమున్న పక్షి ఫొటోను పేరు పెట్టకుండా బృందానికి పంపి, ప్రతి ఒక్కరూ ఎందుకు అలా అనుకుంటున్నారో ఒక వాక్యం రాయమనండి. గూళ్ల సంఖ్యనూ, ఎండిన కొమ్మలు ఏమైనా కనిపించి ఉంటే ఆ చెట్ల గుర్తులనూ ఒక పేజీలో రాసి అటవీశాఖ కార్యాలయానికి ఇవ్వండి. ఇలా రాసి ఇచ్చిన కాగితం ప్రతిని మీ దగ్గర ఉంచుకుని, మార్చి మొదటి వారంలో ఇద్దరు ముగ్గురు మాత్రం మళ్లీ వెళ్లి, అదే గోపురం మీద నుంచి, అవే చెట్లను చూసి, జనవరిలో లెక్కించిన గూళ్లలో ఎన్నింటి పిల్లలు రెక్కలొచ్చి నీటిమీదకు దిగాయో అదే కాగితం పక్కన రాయండి.